ఏ తెలుపు వేద్దాం?

షేడ్ కార్డు మీద తేడా తెలియని ఐవరీ, క్రీమ్, హాఫ్ వైట్‌లు గోడకెక్కగానే ఎందుకు వేరైపోతాయి? ఎంచుకునే ముందు ఏం చూసుకోవాలి?

పెయింటు షాపు కౌంటరు మీద షేడ్ కార్డు విప్పినప్పుడు ఎరుపు, నీలం, ఆకుపచ్చ పేజీల దగ్గర పేచీ రాదు. నచ్చితే నచ్చింది, లేకపోతే పేజీ తిప్పేస్తాం. ఆగిపోయేది తెల్లటి పేజీ దగ్గరే. పాతిక ముప్పై గళ్లు, చూడబోతే అన్నీ తెలుపే. ఒకదాని కింద ఐవరీ అని ఉంటుంది, పక్కదాని కింద క్రీమ్, ఆ పక్కన హాఫ్ వైట్, పెర్ల్, మ్యాగ్నోలియా. ‘‘ఏదైతే ఏముంది, ఒకటి చెప్పెయ్’’ అంటాడు ఇంటాయన. ‘‘ఏడెనిమిదేళ్లు పొద్దున లేస్తే కళ్లముందుండే గోడలండీ, అలా ఎలా చెప్పేస్తాం’’ అంటుంది ఇంటావిడ. నేను ఆవిడ పక్షం.

పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకోండి. నేల 168 చదరపు అడుగులు. నాలుగు గోడలూ కలిపితే 520. తలుపులు, కిటికీలు తీసేసినా ఇంట్లో మన కంటికి గోడంత పెద్దది మరొకటి ఉండదు. సోఫా గుడ్డ గురించి నెల రోజులు ఆలోచించి, గోడ రంగును మేస్త్రి ఎదురుగా నిలబడి ఉండగా రెండు నిమిషాల్లో తేల్చేయడం సరికాదు. పైగా ఆఫ్ వైట్ విషయంలో ఎంతసేపు ఆలోచించినా షాపులో తేలదు. ఈ రంగు డబ్బాలో సగమే తయారవుతుంది. మిగతా సగం గదిలో తయారవుతుంది.

సున్నంలో నీలిమందు

సంక్రాంతికి ముందు ఇళ్లకు వెల్ల వేసిన రోజులు గుర్తున్నవాళ్లకు తెలుపులో తేడాలుంటాయన్న సంగతి కొత్త కాదు. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి మెత్తటి సున్నమవుతుంది. దాన్ని వడగట్టి, పలచన చేసి, జిగురు కలిపి గోడకు కొడితే గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ గట్టిపడుతుంది. రసాయనికంగా అది మొదటి సున్నపురాయే, కాల్షియం కార్బొనేట్. రాయిలో ఇనుము లాంటి మలినాలు కాస్త ఉంటే చాలు, ఆ తెలుపులో పసుపు ఛాయ తేలుతుంది. అందుకే చివర్లో చిటికెడు నీలిమందు కలిపేవారు. నీలం ఆ పసుపును అణిచేస్తుంది. గోడ నుంచి తిరిగొచ్చే వెలుతురు నిజానికి కొంచెం తగ్గుతుంది, అయినా కంటికి మరింత తెల్లగా కనిపిస్తుంది. చెయ్యి జారి మందు ఎక్కువైతే గోడంతా నీలం చారలే. ఆ చిటికెడు ఎంతో తెలిసినవాడే మంచి పనివాడు.

ఆఫ్ వైట్ తయారుచేసేవాళ్లు దీనికి ఎదురు పని చేస్తారు. సున్నంలో పోగొట్టాలని చూసిన పసుపునే కావాలని కొద్దిగా తెచ్చి కలుపుతారు. పని వేరైనా నేర్పు ఒకటే: ఎంత తక్కువ కలపాలో తెలియడం.

ఇప్పటి డబ్బాల్లో తెలుపునిచ్చేది టైటానియం డై ఆక్సైడ్. ఒకప్పుడు వాడిన సీసపు తెలుపు విషం. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలవుతోంది. టైటానియానికి ముఖ్యమైన ముడిఖనిజం ఇల్మెనైట్. అది నల్లగా ఉంటుంది. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మన తీరంలో అక్కడక్కడా కనిపించే నల్ల ఇసుకలో ఉన్నదీ అదే. ఇంత తెల్లటి పదార్థం అంత నల్లటి ఇసుకలోంచి వస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

షాపులో టింటింగ్ మెషీన్ ఈ తెల్లటి బేస్‌లోకి స్టెయినర్లను చుక్కలుగా వదులుతుంది. పసుపు ఆక్సైడ్, ఎర్ర ఆక్సైడ్, నలుపు, గోధుమరంగు మట్టి. ముదురు రంగులకైతే బాగా పడతాయి. ఆఫ్ వైట్‌కి పది లీటర్ల డబ్బాలో పడేది కొద్ది మిల్లీలీటర్లే. అందుకే ఇక్కడ ఒక్క చుక్క తేడా వచ్చినా గోడ మీద తెలిసిపోతుంది. ఒకే కోడ్‌తో తీయించిన రెండు డబ్బాలను ఒక గోడకు చెరిసగం వేసి, మధ్యలో గీత కనిపిస్తోందని మేస్త్రిని కోప్పడేవాళ్లు ఉంటారు. పాపం మేస్త్రి తప్పు కాదది. గదికి కావాల్సిన డబ్బాలన్నీ ముందే తెప్పించి, పెద్ద బక్కెట్‌లో కలిపేసుకుంటే ఆ గీత రాదు. నలుపు, గోధుమ స్టెయినర్ కాస్త పడిన ఆఫ్ వైట్‌కి ఇంకో మేలు కూడా ఉంది. అచ్చమైన తెలుపు కంటే అది పాత గోడను బాగా కప్పుతుంది.

పేరు చూసి మోసపోవద్దు

రెండు కంపెనీల ఐవరీలు ఒక్కటి కావు. ఒకదానిది మరొకదానికి క్రీమ్‌లా ఉండొచ్చు. పేరు అమ్మకానికి పెట్టింది, కోడ్ తయారీకి పెట్టింది. యూరప్‌లో వాడే రాల్ పట్టికను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 1927లో జర్మనీలో మొదలైన ఆ పట్టికలో 9001 క్రీమ్, 1013 ఆయిస్టర్ వైట్, 1015 లైట్ ఐవరీ. జర్మనీలో మనం చూసే ట్యాక్సీల లేత రంగు ఈ 1015దే. ఇక 9010కి ప్యూర్ వైట్ అని పేరు. తీరా దాన్ని 9016 పక్కన పెడితే ఆ ‘ప్యూర్’లో పసుపు ఛాయ ఉందని తేటగా తెలుస్తుంది.

కాబట్టి పేరు వదిలేసి, లోపల ఏ ఛాయ ఉందో పట్టుకోవాలి. పెయింటు వాళ్లు దాన్ని అండర్‌టోన్ అంటారు. ఆఫ్ వైట్లలో ఇది ప్రధానంగా నాలుగు దారుల్లో పోతుంది. పసుపు దారిలోవి ఐవరీ, క్రీమ్. కొంచెం ఎరుపు తోడైతే గులాబీ దారి. మ్యాగ్నోలియా తరహావి చాలావరకు పసుపు, గులాబీల మధ్య తిరుగుతుంటాయి. నలుపు చుక్క ఎక్కువైతే బూడిద దారి, పెర్ల్ పేరుతో అమ్మేవి ఎక్కువగా ఇవే. పసుపుకి నలుపు తోడైనప్పుడు మాత్రం జాగ్రత్త, ఆ కలయిక ఆకుపచ్చ వైపు లాగుతుంది. షాపులో హుందాగా కనిపించిన రంగు ఇంట్లో పాచి పట్టినట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఛాయను పట్టుకోవడానికి తేలికైన ఉపాయం ఒకటుంది. కార్డులో ఒక్క గడిని విడిగా చూడకండి. అనుమానమున్న నాలుగు షేడ్లను పక్కపక్కనే అంచులు తగిలేలా పెట్టండి. అంతవరకూ ఒకే తెలుపనిపించినవి ఒక్కసారిగా విడిపోతాయి. ఒకటి పసుపని, ఒకటి గులాబీ అని, ఒకటి బూడిదని కన్నే చెబుతుంది. ఇంకొంచెం స్పష్టంగా కావాలంటే అదే వరుసలో కింద ఉన్న ముదురు షేడ్ చూడండి. చాలా కార్డుల్లో ఒక వరుసంతా ఒకే ఛాయతో చిక్కబడుతూ పోతుంది. పై గడిలో దాక్కున్నది కింది గడిలో బయటపడుతుంది.

చాలామంది ఏ4 కాగితం పక్కన పెట్టి పోలుస్తారు. పనికొచ్చే పద్ధతే, కానీ ఆ కాగితం తటస్థమైన తెలుపు కాదు. ప్రింటర్ కాగితాల్లో మెరుపు కోసం కలిపే రసాయనం ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుతురుగా వదులుతుంది. దాని పక్కన ఏ ఆఫ్ వైట్ అయినా ఉన్నదానికంటే పసుప్పచ్చగానే కనిపిస్తుంది. ఇంట్లో వాడే మామూలు ఎల్‌ఈడీల్లో ఆ కిరణాలు దాదాపు ఉండవు. కాబట్టి రాత్రిపూట అదే కాగితం వేరేలా ఉంటుంది. షేడ్‌కి షేడే సరైన జోడీ.

కార్డు కంటే గోడ ఎందుకు పసుపు?

‘‘కార్డులో లేతగా ఉంది, వేశాక ఇంత పసుపేంటి’’ అనే ఫిర్యాదు వినని పెయింటరు ఉండడు. కలపడంలో పొరపాటు లేకపోయినా ఇలా జరుగుతుంది. ఒక క్రీమ్ రంగు తన మీద పడిన ఎర్ర వెలుతురులో 85 శాతాన్ని, నీలి వెలుతురులో 75 శాతాన్ని తిప్పికొడుతుందనుకుందాం. కార్డు మీద చూసినప్పుడు నీలం, ఎరుపులో 88 శాతం ఉంటుంది. తేడా స్వల్పం. గదిలో మాత్రం ఈ గోడకు తగిలిన వెలుతురు ఎదురు గోడకు తగులుతుంది, అక్కణ్నుంచి మళ్లీ ఇటు వస్తుంది. రెండోసారికి ఆ 88 కాస్తా 78కి దిగుతుంది, మూడోసారికి 69కి. నాలుగు గోడలూ ఒకదాని రంగును మరొకటి చిక్కబరుస్తాయన్నమాట. అందుకే పసుపు దారిలో ఏదైనా నచ్చితే, నచ్చినదాని కంటే ఒక మెట్టు లేతది తీసుకోమంటాను.

వెలుతురును ఎంత తిప్పికొడుతుందో చెప్పే అంకెను ఎల్‌ఆర్‌వీ అంటారు. నలుపుకు 0, పరిపూర్ణమైన తెలుపుకు 100. ఆఫ్ వైట్లు సాధారణంగా 70 నుంచి 90 మధ్య ఉంటాయి. 70కి, 85కి తేడా పదిహేనే కదా అనిపిస్తుంది. కిటికీలూ సామానూ లేకుండా గోడలు, నేల, పైకప్పు అన్నీ ఒకే రంగుతో ఉన్న ఖాళీ గదికి లెక్కవేస్తే, 85 రంగున్న గదిలో పోగయ్యే వెలుతురు 70 రంగున్న గదిలోకంటే రెట్టింపు. నిజమైన గదిలో సోఫాలు, పరదాలు కొంత మింగేస్తాయి కాబట్టి అంత తేడా రాదు, అయినా కనిపించేంత వస్తుంది. పక్క అపార్ట్‌మెంట్ ఆనుకుని ఉండి పగలూ లైటు వేసుకోవాల్సిన పడగ్గదుల్లో ఛాయ కంటే ముందు ఈ అంకె చూడాలి. షేడ్ కార్డు మీద లేకపోతే కంపెనీ వెబ్‌సైట్లో దొరకొచ్చు.

ఉత్తరపు కిటికీ మాట

ఇంటీరియర్ పుస్తకాలన్నీ ఒక సలహా ఇస్తాయి. ఉత్తరం గదిలో ఎండ పడదు, ఆకాశపు నీలి వెలుతురే వస్తుంది, కాబట్టి వెచ్చటి ఆఫ్ వైట్ వేయండి అని. లండన్‌కి, న్యూయార్క్‌కి అది సరిపోతుంది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానే ఉంటాడు. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, ఆ తరువాత ఉత్తరానికి దాటి, ఆగస్టు 3 దాకా అటువైపే ఉంటాడు. ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరపు గోడల మీద పడుతుంది. మధ్యాహ్నపు ఎండ సన్‌షేడ్ దాటి లోపలికి రాదు కానీ, కిటికీ బయటి సిమెంటు నేలకో ఎదురింటి గోడకో తగిలి, వాటి రంగు పూసుకుని లోపలికొస్తుంది. జూన్‌లో మబ్బు కమ్మితే మళ్లీ మారిపోతుంది. అందుకే మన ఉత్తరపు గదికి ఘాటైన క్రీమ్ అక్కర్లేదు, లేత ఐవరీ చాలు.

దక్షిణం గదిది దీనికి తిరగబడిన కథ. డిసెంబరు మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఎండ కిటికీలోంచి నేల మీదకు దిగుతుంది. పడమటి హాలులోకి సాయంత్రం వచ్చే వెలుతురు సహజంగానే పసుపు. ఈ రెండు చోట్లా బూడిద ఛాయ ఉన్న ఆఫ్ వైట్ బాగుంటుంది. అక్కడ క్రీమ్ వేస్తే నాలుగున్నరకి గదంతా గంధం రంగులోకి తిరుగుతుంది. కొందరికి అదే ఇష్టం. తెలిసి వేసుకుంటే మంచిదే.

అయితే ఉద్యోగాలు చేసేవాళ్లు ఇంటి గోడలను చూసేది ఎక్కువగా రాత్రిపూటే. మన ఇళ్లలో వెలిగేవి చాలావరకు 6500 కెల్విన్ తెల్లటి ట్యూబులు. వాటిలో నీలం పాలు ఎక్కువ. వాటి కింద ఐవరీ వెలవెలబోతుంది, బూడిద ఛాయ ఉన్నది ఆసుపత్రి గోడలా అయిపోతుంది. 3000 కెల్విన్ వార్మ్ వైట్ కింద అదే ఐవరీ నిండుగా ఉంటుంది, క్రీమ్ మాత్రం మితిమీరుతుంది. హాలుకి 4000 కెల్విన్ దగ్గరి దీపాలు నా ఎంపిక. మీ ఎంపిక ఏదైనా సరే, ముందు దీపాలు బిగించి, వాటి కింద రంగు చూడండి. మామూలుగా అందరూ రంగు వేయించాక చివర్లో దీపాలు కొంటారు. ఆ వరుస తిరగబడాలి.

పక్కనున్నవాటి ప్రభావం

ప్యారిస్‌లోని గోబెలిన్స్ రాజనేత కర్మాగారంలో అద్దకపు విభాగానికి 1824లో మిషెల్ యూజీన్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతి అయ్యాడు. నల్లదారం సరిగా నల్లగా లేదని ఆయనకు ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కరంగు ఈ రంగును ఎలా మారుస్తుందో వివరిస్తూ 1839లో ఆయన పెద్ద గ్రంథమే రాశాడు. ఆఫ్ వైట్ మీద ఈ సూత్రం పనిచేసినంతగా మరే గోడ రంగు మీదా పనిచేయదు. ఎందుకంటే దానిలో సొంత రంగు అతి తక్కువ.

మన ఇళ్లలో ఆ పక్కరంగులు ఏవి? మెరిసే విట్రిఫైడ్ టైల్స్, తాండూరు బండలు, టేకు తలుపులు, వంటింట్లో నల్ల గ్రానైట్ గట్టు. నాపరాయి బూడిద నేల మీద గులాబీ ఛాయ ఉన్న ఆఫ్ వైట్ మరీ గులాబీగా తేలుతుంది. క్రీమ్ టైల్స్ మీద క్రీమ్ గోడ పెడితే గదిలో పసుపు తప్ప మరేమీ మిగలదు. టేకు తలుపులో నారింజ ఉంది, దాని పక్కన కొద్దిగా బూడిద కలిసిన తెలుపు చల్లగా, శుభ్రంగా నిలుస్తుంది. మనం లెక్కలోకి తీసుకోనివి మరికొన్ని ఉన్నాయి. మాడ్యులర్ స్విచ్ ప్లేట్లు, యూపీవీసీ కిటికీలు, గోడకున్న ఏసీ. ఇవి చాలా ఇళ్లలో నీలం వైపు మొగ్గే పాలిపోయిన తెలుపులో ఉంటాయి. ఐవరీ గోడ ఎంత కొత్తదైనా వీటి పక్కన మాసినట్టు కనిపిస్తుంది. పైకప్పుకి అచ్చమైన తెలుపు వేయడం అలవాటైపోయింది, అదీ ఇదే పని చేస్తుంది. గోడ షేడ్‌నే సగం బలంతో కలిపించి పైకప్పుకి వేస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. తలుపు చట్రాలకు ఆయిల్ ఎనామెల్ తెలుపు వేసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. వెలుతురు తగలనిచోట అది ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగుకి ఆ జబ్బు లేదు.

అలబాస్టరా, వైట్ డవ్వా?

డాలస్ శివారు ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న వేరే పేర్లతో ఎదురవుతుంది. షెర్విన్ విలియమ్స్ వారి అలబాస్టర్, కోడ్ 7008, ఎల్‌ఆర్‌వీ 82. బెంజమిన్ మూర్ వారి వైట్ డవ్ దాదాపు 83. అదే కంపెనీ స్విస్ కాఫీ 82 దగ్గర. మూడింటి వెలుగూ ఇంచుమించు ఒకటే, ఛాయలే వేరు. అలబాస్టర్‌లో లేత గోధుమ వెచ్చదనం ఉంది. వైట్ డవ్‌లో పసుపును కాస్త బూడిద అదుపు చేస్తుంది. మూడింటిలో మీగడకు దగ్గరగా ఉండేది స్విస్ కాఫీ, కొన్ని వెలుతుర్లలో పచ్చదనం కూడా తొంగిచూస్తుంది. దాదాపు 90 ఎల్‌ఆర్‌వీ ఉన్న సింప్లీ వైట్ వీటన్నిటికంటే తెల్లన. 2016కి షెర్విన్ విలియమ్స్ అలబాస్టర్‌నీ, బెంజమిన్ మూర్ సింప్లీ వైట్‌నీ ఆ ఏటి రంగులుగా ప్రకటించాయి. ఒకే ఏడాది రెండు పెద్ద కంపెనీలు ఆఫ్ వైట్ వైపే తిరగడం యాదృచ్ఛికం కాదనుకుంటాను, అప్పటికి బూడిద గోడలతో జనం విసిగి ఉన్నారు.

చిక్కల్లా డాలస్‌లో నచ్చిన వైట్ డవ్‌నే గుంటూరులో అమ్మానాన్నల ఇంటికి వేయించాలనుకున్నప్పుడు. డాలస్ 33 డిగ్రీల అక్షాంశానికి దగ్గర, వెలుతురు వేరు. అక్కడి గోడలకు వెచ్చటి పసుపు దీపాలు, ఇక్కడ తెల్లటి ట్యూబులు. వాట్సాప్‌లో ఫొటో పంపి ‘‘ఇదే వేయించండి’’ అంటే కుదరదు. ఫోన్ కెమెరా ప్రతి ఫొటోలోనూ తెలుపును తనకు తోచినట్టు సరిదిద్దుతుంది. మనం పోల్చాలనుకున్న ఆ కాస్త తేడానే అది చెరిపేస్తుంది. అమ్మానాన్నలకు అసలు షేడ్ కార్డు ముక్క పంపడం మేలు. ఇంకా మేలైనది వాళ్లనే చూసి చెప్పమనడం.

ఎందుకంటే చూసే కన్ను కూడా ఒకటి కాదు. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపెక్కి నీలి వెలుతురును కొంత ఆపేస్తుంది. మెదడు సర్దుకుంటుంది కాబట్టి మనకా మార్పు తెలియదు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక గోడలు ఒక్కసారిగా నీలంగా కనిపిస్తున్నాయని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో ఆ ఆపరేషన్ చేయించుకుని, రంగుల తేడాతో చాలాకాలం అవస్థపడ్డాడు. తాతగారు ‘‘తెల్లగానే ఉంది కదరా’’ అంటే, మనవడు ‘‘పసుపుగా ఉంది తాతయ్యా’’ అంటాడు. ఇద్దరూ ఉన్నదే చెబుతున్నారు. రోజంతా ఆ గదిలో ఉండేది ఎవరైతే వాళ్ల మాటే చెల్లాలి.

గోడ మీద కాదు, అట్ట మీద

శాంపిల్ చూడటానికి చాలామంది పాత గోడ మీదే నాలుగు పట్టీలు వేయిస్తారు. పాత లేత ఆకుపచ్చ గోడ మధ్యలో ఐవరీ వేస్తే అది గులాబీగా కనిపిస్తుంది. షెవ్రల్ చెప్పిందే. దానికి బదులు రెండడుగుల సైజున్న, మందపాటి తెల్ల అట్టలు తెచ్చి, ఒక్కోదానికి ఒక్కో షేడ్ రెండు కోట్లు వేయండి. పూర్తిగా ఆరనివ్వండి. ఎమల్షన్ తడిమీద లేతగా ఉండి, ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. ఆ అట్టలను నేలకు ఆనించి, తలుపు పక్కన, స్విచ్ బోర్డు కింద, కిటికీ ఎదురుగా మార్చి మార్చి పెట్టండి. రెండట్టలను గది మూలలో ఎల్ ఆకారంలో నిలబెడితే గోడకు గోడ రంగు అంటించుకునే తీరు కొంతవరకు ముందే తెలుస్తుంది. పొద్దున, సాయంత్రం, దీపాలు వేశాక చూడండి. ఒక్కో పూట ఒక్కోటి నచ్చితే, మీరు ఎక్కువసేపు ఇంట్లో ఉండే పూటకు పెద్దపీట వేయండి.

షేడ్ తేలాక మిగిలింది మెరుపు. లప్పం పని నునుపుగా లేకపోతే శాటిన్ వైపు పోవద్దు. పక్కనుంచి పడే వెలుతురులో ప్రతి మిట్టా పల్లం బయటపడుతుంది. అలాంటి గోడకు మ్యాట్ మేలు. వంటిల్లు, పిల్లల గది లాంటి తుడవాల్సిన గోడలకు మాత్రం కాస్త మెరుపుంటేనే మంచిది.

పనయ్యాక షేడ్ కోడ్, బేస్ పేరు, బ్యాచ్ నంబరు ఒక చీటీ మీద రాసి కరెంటు బోర్డు తలుపు లోపల అంటించండి. మిగిలిన అర లీటరును గాలి చొరబడని డబ్బాలో దాచండి. మొదటి ఏడాదిలో గీత పడితే దాంతో టచప్ చేసుకోవచ్చు. మూడు నాలుగేళ్లయ్యాక మాత్రం ఆ డబ్బాలోని రంగే అయినా అతుకు కనిపిస్తుంది, ఈలోగా అగరుబత్తి పొగకు, ఎండకు, వంట జిడ్డుకు గోడ రంగు మారి ఉంటుంది. అప్పుడు ఆ ఒక్క గోడకీ ఈ మూల నుంచి ఆ మూల దాకా పూర్తిగా వేయించేయండి. మూల దగ్గర వెలుతురు ఎలాగూ మారుతుంది కాబట్టి, పక్క గోడ పాతదైనా తేడా తెలియదు.